నరసింహుడి కోపం దిగడానికి ఒక వేసవి: కూచిపూడి విద్యార్థిని కేస్ స్టడీ

ఈ అమ్మాయి ఎనిమిదో తరగతి పూర్తి చేసింది. నెల్లూరులోనే పుట్టి పెరిగింది. ఆరేళ్ల వయసు నుంచి నా దగ్గరే కూచిపూడి నేర్చుకుంటోంది. పేరు రాయడం లేదు. తల్లి స్కూల్లో లెక్కలు చెబుతుంది, తండ్రికి మెడికల్ షాపు ఉంది. ఇంట్లో నాయనమ్మ ఉంది. ఈ కేసులో ఆవిడ పాత్ర నేను అనుకున్నదానికంటే పెద్దదైంది.

అడవులు, అంటే నాట్యంలోని మూల అడుగులు, శుభ్రంగా వేస్తుంది. మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే అరమండి చివరిదాకా నిలుస్తుంది. అన్నిటికంటే వేగమైన మూడో కాలంలో కూడా తాళం జారదు. చిక్కంతా భావం చూపే అభినయంలోనే. అప్పుడు దశావతారాల మీద ఒక శబ్దం (జతులూ సాహిత్యమూ కలిసిన నృత్యాంశం) నేర్పుతున్నాను. మత్స్య, కూర్మ, వరాహాల దాకా బండి సాఫీగానే నడిచింది, నరసింహుడి దగ్గర ఆగిపోయింది. నాట్యశాస్త్ర గ్రంథం అభినయ దర్పణంలో చెప్పినట్టే ఎడమ చేత సింహముఖం, కుడి చేత త్రిపతాకం అనే ముద్రలు పట్టింది. హస్తాల్లో వంక పెట్టడానికి లేదు. కళ్లు మాత్రం స్తంభం పగలకముందే పెద్దవైపోయేవి. హిరణ్యకశిపుడిదీ అదే చూపు, నరసింహుడిదీ అదే చూపు. చివర్లో ప్రహ్లాదుణ్ణి దగ్గరికి తీసుకునే చోట కూడా ఆ కళ్లు అట్లాగే ఉండి, పెదాల మీదికి మాత్రం ఒక నవ్వు వచ్చి చేరేది. భయం వేయాల్సిన చోట వేయదు, వేయకూడని చోట వేస్తుంది.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే దాచలేదు. యూట్యూబ్‌లో పదిమంది చేసిన నరసింహుణ్ణి చూసి, బాగా లైకులు వచ్చిన ముఖాన్ని పట్టుకుంది.

ఇంట్లో వాళ్లు అడిగింది

ఏప్రిల్‌లో తల్లి వచ్చి, "మేడం, సెలవుల్లో చెన్నైలో వర్క్‌షాప్ ఏదన్నా ఉంటే పంపిద్దామా? లేకపోతే మీరే ఇంకో ఐటెం మొదలుపెట్టండి, నెలన్నర ఖాళీగా కూర్చుంటుంది" అంది. ఈ ప్రశ్న ప్రతి వేసవిలో ప్రతి డాన్స్ టీచరూ వినేదే. ఆ తల్లిని తప్పు పట్టను. ఫీజు కట్టేవాళ్లకు ఐటెంల సంఖ్య ఒక్కటే లెక్కకు అందే విషయం.

కానీ ఈ అమ్మాయికి లోటు ఐటెంలలో లేదు. కోపం ఒంట్లో ఎక్కడ మొదలవుతుంది, ఎట్లా పెరుగుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఎట్లా దిగుతుంది అన్నది ఆమె ఎప్పుడూ నిలబడి చూడలేదు. వర్క్‌షాప్‌కు పంపితే ఇంకో అద్దాల గదిలో ఇంకో టీచరు ముఖం చూసి వస్తుంది. అందుకని సెలవులు మొత్తానికి ఒకే ప్రశ్న పెట్టుకుందామన్నాను: నరసింహుడి కోపం ఎట్లా దిగుతుంది? దానికి పనికొచ్చే ఆటలు, గుళ్లు, తిరునాళ్లే చూడాలి. పనికిరానిది ఎంత గొప్పదైనా ఈ ఏడాదికి వద్దు.

తల్లికి వెంటనే నచ్చలేదు. "తిరునాళ్లకు తీసుకుపోతే డాన్స్ వస్తుందా మేడం?" అంది. కాకతీయ గణపతిదేవుడి దగ్గర గజసేనాధిపతిగా ఉన్న జాయప 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి రాశాడనీ, ఎనిమిది అధ్యాయాల ఆ శాస్త్రంలో నాలుగింటిని దేశి నృత్యాలకే ఇచ్చాడనీ చెప్పాను. జనం ఆడేది చూడకుండా అంత రాయలేడు కదా. ఆమె లెక్కల మనిషి, ఎనిమిదిలో నాలుగు అనేసరికి కొంచెం మెత్తబడింది.

నరసింహుణ్ణి పట్టుకోవడానికి మా ప్రాంతం కంటే మంచి చోటు ఉండదు. వెలికొండల పాదాన పెంచలకోన, శనివారం మాత్రమే తలుపులు తీసే మాలకొండ, హైవే దారిలో ఉన్న సింగరాయకొండ, అన్నీ నరసింహుడి క్షేత్రాలే. అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన నృసింహపురాణం రాసింది కూడా ఈ గాలిలోనే. ఇన్ని ఉండగా పిల్లలు నరసింహుణ్ణి ఫోన్లో వెతుక్కుంటున్నారు.

పెట్టుకున్న పద్ధతి

పొద్దున ఆరింటికల్లా మొదలుపెట్టి ముప్పావుగంట అడవులు మాత్రమే. ఎండ ముదిరాక సాధన లేదు. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు అరమండి వేయించడం శిక్షే అవుతుంది. శబ్దాన్ని పూర్తిగా పక్కన పెట్టాం, జూన్ దాకా ముట్టుకోకూడదు.

బయటికి వెళ్లినప్పుడు ఫోన్ సంచిలో ఉండాలి. గుడి మెట్ల మీద భంగిమలు పెట్టి రీల్స్ తీసుకోవడం మీద నాకు కోపం ఉంది, అది ఇక్కడ రాయను. తిరిగొచ్చాక వ్యాసం రాయించలేదు. పిల్లల్ని రాయమంటే "చాలా బాగుంది, ఎన్నో విషయాలు తెలుసుకున్నాను" అని రాస్తారు. దాని బదులు గీతలతో మనిషి బొమ్మ గీసి, బరువు ఏ కాలి మీద ఉందో అక్కడ చుక్క పెట్టమన్నాను. బొమ్మ బాగుండాల్సిన పని లేదు, చుక్క సరైన చోట పడితే చాలు.

తోలుబొమ్మల దగ్గర

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను. వేసవి మొత్తంలో ఎక్కువ పని జరిగింది ఇక్కడే.

నెల్లూరు జిల్లాలో తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. తెలిసినవాళ్ల ద్వారా ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాం. వాళ్లకు ఆటలు తగ్గి చాలా కాలమైంది. బొమ్మలు చాపల్లో చుట్టి అటక మీద పెట్టుకున్నారు. ఆయన దించి ఒక్కొక్కటే విప్పుతుంటే మేకతోలు పెళపెళమంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఎరుపు, ఆకుపచ్చ, నలుపు రంగులు రెండు వైపులకీ కనిపిస్తాయి. నగలున్న చోట సన్న సన్న రంధ్రాలు కొట్టి ఉంటాయి, వెనక దీపం పెడితే హారం మెరిసేది వాటిలోంచే. భుజం దగ్గరా మోచేయి దగ్గరా దారంతో కట్టిన కీళ్లు. నడుమ ఒక బద్ద, చేతులకు వేరే పుల్లలు.

హిరణ్యకశిపుడి బొమ్మను ఆయన మా అమ్మాయి చేతికే ఇచ్చాడు. పట్టుకోగానే ఆమె చేసిన మొదటి పని, బొమ్మ వెనక నిలబడి తన ముఖాన్ని కోపంగా పెట్టడం. ఆయన నవ్వాడు. "పాపా, నీ మొహం ఎవురికి కనపడద్ది? నువ్వు తెర ఎనక ఉండావు గదా. కోపం బొమ్మకి రావాల" అన్నాడు.

బొమ్మ ముఖం మారదు. పక్కకు తిరిగి ఒకటే కన్నుతో, తయారైన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. మరి కోపం ఎట్లా తెప్పిస్తారు? పాత పంచె ఒకటి కట్టి, వెనక బల్బు వెలిగించి చూపించాడు. బొమ్మను తెరకు ఆనించి పెడితే అంచులు పదునుగా కనిపిస్తాయి. తెర నుంచి వెనక్కి లాగితే నీడ పెద్దదై, మసకబారుతుంది. కోపం రాబోయే ముందు ఆయన బొమ్మను కొంచెం వెనక్కి తీశాడు, అంటే నీడ పెరిగింది. ఒక్క క్షణం ఏమీ చేయలేదు. చెయ్యి కదలలేదు, తల కదలలేదు. తర్వాత తటాలున తెరకు కొట్టినట్టు ఆనించి, అదే దెబ్బకు కాలి కింద చెక్కను ధన్‌మని తొక్కాడు. గోడ పక్కన కూర్చున్న ఆయన మనవడు ఉలిక్కిపడ్డాడు. వాడు రోజూ చూసేవాడే.

కోపం దిగడం ఎట్లా అని నేను అడగలేదు, అమ్మాయే అడిగింది. "దిగేదానికి తొందరపడగూడదమ్మా. ముందు చెయ్యి దిగాల, ఆనక తల. రెండూ ఒకపాలి దింపితే చచ్చిపోయినట్టు ఉంటది" అన్నాడు. నేను ఇన్నేళ్లుగా అభినయం చెబుతున్నాను, ఇంత సూటిగా ఎవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి పొద్దున సాధన చివర ఒక పని కలిపాను. ముఖం మీద పల్చటి తువాలు కప్పుకుని హిరణ్యకశిపుణ్ణి చేయాలి, నాయనమ్మ ఎదురుగా కూర్చుని ఎవరో చెప్పాలి. మొదట్లో ఆవిడ, "ఏందే అది, ఉక్కపోస్తా ఉండాదా?" అనేది. కొన్నాళ్లకు, "రాజు మాదిరి ఉండావు గానీ, కోపం కనపడలా" దాకా వచ్చింది. శాస్త్రం చదవని మనిషి చేత అనిపించుకున్న మాటలు కాబట్టి నాకు వాటి మీద గురి ఉంది.

ఒక్క విషయం ఇక్కడే చెప్పాలి. ఇట్లాంటి కళాకారుల ఇంటికి "మా పాపకు చూపించండి" అని ఉత్త చేతులతో పోకూడదు. వాళ్లకు అది ఒక పూట పని. ముందే మాట్లాడుకుని, తాంబూలంలో పెట్టి పిల్ల చేతనే ఇప్పించాను. వర్క్‌షాప్‌కు కట్టడానికి సిద్ధపడిన డబ్బులో సగం కూడా కాలేదు.

హరికథ, కోలాటం

జొన్నవాడ వైపు ఒక ఊళ్లో హరికథ ఉందంటే వెళ్లాం. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరులో ఉండి హరికథలు చెప్పిన మనిషి. అట్లాంటి ఊళ్లో ఇప్పుడు హరికథ కోసం వాకబు చేసుకుని వెళ్లాల్సి వస్తోంది. పట్టుపంచె, పూలదండ, చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు. భాగవతారు ఒక్కడే తండ్రీ అయ్యాడు, కొడుకూ అయ్యాడు. అమ్మాయికి నేనిచ్చిన పని ఒక్కటే: ఒకరి నుంచి ఇంకొకరికి మారేటప్పుడు ముందు ఏది కదులుతుందో చూడు. ముఖం అని చెబుతుందనుకున్నాను. "మెడలో కండువా, టీచర్" అంది. నిజమే. హిరణ్యకశిపుడికి దాన్ని వెనక్కి విసిరేవాడు, ప్రహ్లాదుడికి రెండు చేతులతో ముందుకు పట్టుకునేవాడు. ముఖం ఆ తర్వాతే మారేది.

కోలాటం ప్రయోగం సగమే పనిచేసింది. మా వైపు పల్లెల్లో ఇప్పుడు ఆడవాళ్ల కోలాటం బృందాలు బాగా పెరిగాయి. నాయనమ్మ పుట్టింటి ఊళ్లో ఒక బృందం సాయంత్రాలు రామాలయం ముందు ఆడుతుంటే పంపాను. మొదట చులకనగా చూసింది, నాలుగు అడుగులేగా అని. పాడుతూ ఆడాల్సి వచ్చేసరికి గంట తిరక్కుండా ఊపిరి అందలేదు. పక్కన అరవై ఏళ్ల ఆవిడ మాత్రం పాట ఆపకుండా తిరుగుతోంది. ఊపిరి సంగతి తెలిసొచ్చింది, సరదా పడింది. నరసింహుడి ప్రశ్నకు మాత్రం దాని వల్ల ఒరిగింది ఏమీ లేదు.

భైరవకోన

ఉమ్మడి ప్రకాశం జిల్లా సి.ఎస్.పురం మండలంలో ఉన్న భైరవకోనకు తండ్రి కారులో ఉదయగిరి, సీతారాంపురం మీదుగా చీకటితోనే బయల్దేరాం. కొండను తొలిచిన ఎనిమిది గుహాలయాలు ఉన్నాయి. ఏడు తూర్పుకు, ఒకటి ఉత్తరానికి చూస్తుంటాయి. పొద్దుటి ఎండ నేరుగా శిల్పాల మీద పడుతుంది కాబట్టి అప్పుడే చూడాలి, పైగా పదకొండు దాటితే బండ మీద కాలు పెట్టలేం.

ఇక్కడ చూడమన్నది దేవుణ్ణి కాదు, వాకిలి పక్కన నిలబడ్డ ద్వారపాలకుల్ని. వాళ్లు ఎవరినీ కొట్టడం లేదు, అయినా లోపలికి పోవాలంటే జంకు పుడుతుంది. ఆ జంకు ఎక్కడి నుంచి వస్తోందో బొమ్మలో చుక్క పెట్టమన్నాను. మొదటి బొమ్మలో చుక్క కళ్ల దగ్గర పడింది. రాయి అరిగిపోయి కళ్లు సరిగా కనిపించనే లేదు, అలవాటు కొద్దీ పెట్టింది. ఎదురుగా నిలబడి అట్లాగే నిలుచోమన్నాక చుక్క తుంటి దగ్గరికి దిగింది. వాళ్ల నాన్న కూడా నిలబడి చూశాడు. మెడికల్ షాపులో రోజంతా నిలబడే మనిషి కదా, "అమ్మా, ఇట్ట నిలబడితే నడుం నొప్పి రాదే" అన్నాడు. అదీ ఒక పరిశీలనే.

పెంచలకోన

వైశాఖ శుద్ధ చతుర్దశి నరసింహ జయంతి. ఆ రోజుల్లోనే పెంచలకోన బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. రాపూరు నుంచి కోనలోకి పోయే దారి జనంతో నిండిపోతుంది. నాయనమ్మ కూడా వచ్చింది. రాకపోతే సగం పని జరిగేది కాదు.

రాత్రి వాహన సేవలో మోసేవాళ్ల కాళ్లు చూడమన్నాను. బొంగు భుజం మార్చుకునేటప్పుడు వాళ్లు మోకాలు కొద్దిగా వంచి, బరువును కిందికి తీసుకుని, అప్పుడు పైకి లేపుతారు. వాహనం మాత్రం కుదుపు లేకుండా ఊగుతూ పోతుంది. "అరమండి, టీచర్" అంది తనే. ఏళ్ల తరబడి నేను కూర్చో, కూర్చో అని అరిచింది దేనికో ఆ రాత్రి ఆమెకు అర్థమైందని నా నమ్మకం.

అసలు విషయం మర్నాడు పొద్దున దొరికింది. హిరణ్యకశిపుణ్ణి చంపాక కోపం చల్లారక తిరుగుతున్న స్వామి, ఈ కోనలో చెంచులక్ష్మిని చూసి శాంతించాడని అక్కడ చెప్పుకుంటారు. ఆదిలక్ష్మి అమ్మవారు అలిగి దూరంగా ఉండిపోయిందని, అందుకే ఆవిడ గుడి విడిగా ఉందని అంటారు. సత్రం అరుగు మీద నాయనమ్మ పక్కన కూర్చున్న ఒక ముసలావిడ ఈ కథ ఎత్తుకుంది. ఆవిడ పూర్తిగా ఆదిలక్ష్మి పక్షం. "ఆయనకి కోపం దిగింది, బాగానే ఉండాది. ఈమెకి ఎక్కింది, అదెవురు దించాల?" అంటూ స్వామి చెంచులక్ష్మిని చూసిన చూపు చేసి చూపించింది. ఏమీ చేయలేదు నిజానికి. కళ్లు అప్పటిదాకా ఎక్కడో దూరాన ఉన్నట్టుండి, మెల్లగా దగ్గరికి వచ్చి ఒక చోట ఆగాయి, అంతే. నాయనమ్మ ఫక్కున నవ్వింది. మా అమ్మాయి నవ్వలేదు, ఆ ముసలావిడ కళ్లనే చూస్తోంది.

తర్వాత వాటర్‌ఫాల్ దాకా ఎక్కి దిగాం, ఐస్ తిన్నాం. అన్నిటికీ పాఠం అంటగట్టనక్కర్లేదు.

జూన్‌లో

స్కూళ్లు తెరిచాక శబ్దాన్ని మళ్లీ తీశాం. మారినవీ మారనివీ రెండూ రాస్తాను.

స్తంభం పగిలే చోట ఇప్పుడు ఒక నిలుపు వచ్చింది. జతి (తాళపు సొల్లుల వరుస) ముగిశాక అర క్షణం ఏమీ చేయదు. ఊపిరి భుజాల్లోకి ఎక్కడం కనిపిస్తుంది, కళ్లు ఆఖర్న తెరుచుకుంటాయి. ఆ నిలుపు ఎవరిదో నాకు తెలుసు, ఆ పెద్దాయన తెర వెనక ఆగిన నిలుపే. హిరణ్యకశిపుడికి బరువు తుంటిలో ఉంటుంది, నరసింహుడికి ముందు పాదాల మీద. ఇద్దరూ ఇప్పుడు ఇద్దరిలాగే ఉన్నారు. ప్రహ్లాదుడి దగ్గర ముందు చేతులు దిగుతాయి, తర్వాత తల, ఆ తర్వాత చూపు దూరం నుంచి దగ్గరికి వస్తుంది. నవ్వు తీసేసింది. నేను తీయమనలేదు.

అడవుల వేగం తగ్గింది. సాధన సగానికి తగ్గించాం కాబట్టి అది ఊహించిందే. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి జూలై అంతా పట్టింది. వామనావతారం ఎప్పటిలాగే చప్పగా ఉంది. వేసవి ప్రశ్న నరసింహుడిది కాబట్టి ఫలితం కూడా అక్కడే ఆగింది. ఒక చోట చూసింది ఇంకో చోటికి దానంతట అదే పాకుతుందని నేను అనుకోను. కూచిపూడి పరీక్ష మార్కుల సంగతి ఇంకా తెలియదు. ఆ నిలుపు ఎగ్జామినర్‌కు మరిచిపోయినట్టు కనిపించే ప్రమాదం కూడా ఉంది, అమ్మాయికి ఆ మాట చెప్పే ఉంచాను.

తల్లి క్లాసుకు వచ్చి వెనక నిలబడి చూసింది. "కొత్త ఐటెం అయితే రాలేదు" అంది, తర్వాత కాసేపాగి, "ఈసారి పాప కళ్లు చూస్తే భయమేసింది మేడం" అంది.

ఇదే పద్ధతిని ఇంకో పిల్లకు ఉన్నదున్నట్టు పెట్టలేను. నా దగ్గరే ఇంకో అమ్మాయి ఉంది. ముఖం అద్దంలా పలుకుతుంది, తాళం మాత్రం నిలవదు. ఆ పిల్లకు పెంచలకోన చూపించినా ఆనందపడి వస్తుందే గానీ కాలు కుదరదు. వచ్చే వేసవికి ఆమెను చెక్కభజన బృందంతో కూర్చోబెట్టాలని మాట్లాడుతున్నాను. వాళ్ల గురువు ఒకటే షరతు పెట్టాడు: మొదటి వారం చెక్కలు చేతికివ్వడు, చప్పట్లతోనే నడవాలి.